రహస్యపు మీట

జానపద కథలు విన్న పిల్లలకు రహస్య ద్వారాల సంగతి వేరే చెప్పనక్కర లేదు. రాజకుమారుడు పాడుపడిన కోటలోకి వెళతాడు. అక్కడ ఒక రాతి సింహం ఉంటుంది. అతను దాని చెవి పట్టుకుని తిప్పగానే పెద్ద చప్పుడు చేస్తూ నేల మీది బండ తొలగిపోతుంది. కింద మెట్లు కనిపిస్తాయి. మెట్లు దిగితే నేలమాళిగ, నేలమాళిగ నిండా ధనరాసులు, వాటికి కాపలాగా ఒక భూతం!

కథ చెప్పే తాతయ్యకు ఇందులో కష్టమేమీ లేదు. "చెవి తిప్పాడు, బండ తొలిగింది," అంటే చాలు. చెవి తిప్పిన సంగతి ఎక్కడో ఉన్న బండకు ఎట్లా తెలిసిందని వినేవాళ్ళు అడగరు. అడిగినా, "అది మాయ!" అనేస్తే సరిపోతుంది.

కాని ఆ కోటను మీరే కట్టవలసి వస్తే? అప్పుడు మాయ అంటే కుదరదు. చెవి తిప్పినప్పుడు బండ కదలాలంటే ఆ రెంటికీ మధ్య ఏదో ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటు మీరే చెయ్యాలి. అందులో ఏ మాత్రం లోపం ఉన్నా రాజకుమారుడు చెవి తిప్పుతూ అక్కడే నిలబడిపోతాడు. కథ అక్కడితో ఆగిపోతుంది.

ఇటువంటి కోటలను ఇప్పుడు కంప్యూటరు మీద ఎవరైనా కట్టవచ్చు. కట్టినదాన్ని స్నేహితులకిచ్చి ఆడించవచ్చు. అందులో రహస్యపు మీటలు పెట్టటం అన్నిటికన్నా సరదా పని. అన్నిటికన్నా తరచుగా చెడిపోయేది కూడా అదే. అది ఎట్లా పనిచేస్తుందో, ఎందుకు పనిచెయ్యకుండా పోతుందో ఇప్పుడు చూద్దాం.

నలుగురు ఖైదీలు

1987లో అమెరికాలో ఎఫ్‌టీఎల్ గేమ్స్ అనే సంస్థ "డంజన్ మాస్టర్" అనే కంప్యూటరు ఆటను విడుదల చేసింది. ఆటగాడు నలుగురు వీరులను వెంటబెట్టుకుని నేలమాళిగలో తిరగాలి. దారిలో భూతాలుంటాయి, గోతులుంటాయి, తాళాలు వేసిన తలుపులుంటాయి. గోడలలో దాచిన మీటలు కూడా ఉంటాయి. ఆ ఆట అప్పట్లో చాలామందిని ఆకర్షించింది.

పాతిక సంవత్సరాలు గడిచాయి. ఫిన్లాండు దేశంలో ఆల్మోస్ట్ హ్యూమన్ అనే చిన్న సంస్థ అదే పద్ధతిలో "లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్" అనే ఆటను తయారు చేసి 2012 ఏప్రిల్‌లో విడుదల చేసింది. ఆటను తయారు చేసినవారు నలుగురే. ఆటలో ఉన్న ఖైదీలు కూడా నలుగురే! వాళ్ళను గ్రిమ్‌రాక్ అనే కొండ శిఖరం మీది గోతిలోకి తోసేస్తారు. కొండ లోపల అంతస్తు కింద అంతస్తుగా నేలమాళిగలు ఉన్నాయి. వాటిని దాటి ప్రాణాలతో బయటపడితే వాళ్ళ నేరాలన్నీ మాఫీ అవుతాయి.

కొన్ని నెలల తరువాత, అదే సంవత్సరంలో, ఆ సంస్థవారు ఒక మంచి పని చేశారు. తాము నేలమాళిగలు కట్టటానికి వాడిన పనిముట్టు వంటిదాన్నే ఆట కొన్నవారికి కూడా ఇచ్చారు. దాన్ని ఎడిటరు అంటారు. దానితో ఆటగాడు కాస్తా మేస్త్రీ అయిపోతాడు. 2014 అక్టోబరులో ఆట రెండవ భాగం వచ్చింది. దానికి కూడా ఎడిటరు ఉంది. మనం ఇక్కడ మాట్లాడుకునేదంతా మొదటి ఆటను గురించే. (ఈ ఆటలో భూతాలతో పోట్లాటలు ఉన్నాయి గనక, చిన్నపిల్లలు ఆడే ముందు పెద్దవాళ్ళు ఒకసారి చూడటం మంచిది.)

గళ్ళ కాగితం మీద కోట

ఎడిటరు తెరవగానే మీ లెక్కల పుస్తకంలోని గళ్ళ కాగితం వంటిది కనిపిస్తుంది. ఒక్కొక్క అంతస్తుకు అడ్డంగా 32 గళ్ళు, నిలువుగా 32 గళ్ళు. అంటే మొత్తం 1,024 గళ్ళు. మొదట అంతా రాయే. మీరు ఏ గడిని తొలిస్తే అది నేల అవుతుంది. వరసగా తొలుచుకుంటూ పోతే దారి అవుతుంది. నాలుగైదు గళ్ళను కలిపి తొలిస్తే గది అవుతుంది.

చదరంగంలో లాగానే ఈ ఆటలో కూడా మనుషులు ఒక గడి నుంచి మరొక గడికే కదులుతారు. తిరిగినా పూర్తిగా కుడికో, ఎడమకో, వెనక్కో తిరుగుతారు. మూలగా నడవటం లేదు.

గళ్ళు తొలిచాక వస్తువులు పెట్టాలి. ప్రతి వస్తువుకూ రెండు సంగతులు చెప్పాలి. అది ఏ గడిలో ఉన్నదీ, ఏ దిక్కుకు ఉన్నదీ. దిక్కులకు అంకెలున్నాయి: ఉత్తరం 0, తూర్పు 1, దక్షిణం 2, పడమర 3. గోడకు ఉండే మీటను గోడ ఉన్న గడిలో పెట్టకూడదు. ఆటగాడు ఎక్కడ నిలబడి మీట నొక్కుతాడో ఆ గడిలో పెట్టి, దాని దిక్కు గోడ వైపుకు తిప్పాలి. ఇది గుర్తుంచుకోండి, దీనితో మనకు పని పడుతుంది.

ఈ ఆటలో మీటలు ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి గోడ బటను. నొక్కితే లోపలికి పోయి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. రెండవది పిడి. దాన్ని కిందికి లాగితే కిందనే ఉంటుంది; పైకి నెడితే పైనే ఉంటుంది. మూడవది తొక్కుడు పలక. అది నేల మీద ఉంటుంది. ఎవరైనా ఎక్కితే కిందికి దిగుతుంది, దిగిపోతే పైకి లేస్తుంది.

వీటిలో బటనుకూ తొక్కుడు పలకకూ రహస్యపు రూపాలు కూడా ఉన్నాయి. రహస్యపు బటను గోడ రాళ్ళలో కలిసిపోయిన చిన్న రాయిలాగా ఉంటుంది. పరకాయించి చూస్తేనే తెలుస్తుంది. రహస్యపు పలక నేలలో కలిసిపోయి ఉంటుంది. వీటికి తోడు అచ్చంగా గోడలాగే కనిపించే రహస్యపు తలుపు కూడా ఉంది.

లంకె

మీ ఇంట్లో గుమ్మం పక్కన స్విచ్చి ఉంటుంది. దీపం గది నడుమ పైకప్పుకు ఉంటుంది. స్విచ్చి వేస్తే దీపం వెలుగుతుంది. ఎందుకు? రెంటినీ కలుపుతూ గోడలో తీగ ఉంది గనక. తీగ తెగిపోతే స్విచ్చి ఎంత మంచిదైనా, దీపం ఎంత కొత్తదైనా గదిలో చీకటే.

ఎడిటరులో కూడా అంతే. బటను ఒక వస్తువు, తలుపు ఇంకొక వస్తువు. పక్కపక్కనే ఉన్నా వాటికి ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. రెంటినీ కలపటానికి లంకె వెయ్యాలి. ఎడిటరువారు దాన్ని కనెక్టరు అంటారు. లంకె వేసేటప్పుడు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి:

ఎప్పుడు? ఎవరికి? ఏమి చెయ్యమని?

"ఎప్పుడు" అంటే మీటకు ఏమి జరిగినప్పుడు కబురు పంపాలి అని. పలక కిందికి దిగినప్పుడు, పిడి కిందికి లాగినప్పుడు వచ్చే కబురు పేరు యాక్టివేట్. పలక పైకి లేచినప్పుడు, పిడిని తిరిగి పైకి నెట్టినప్పుడు వచ్చేది డీయాక్టివేట్. గోడ బటనుకు కింద, పైన అనేవి లేవు గదా; నొక్కిన ప్రతిసారీ అది పంపే కబురు టాగిల్.

"ఎవరికి" అంటే ఏ వస్తువుకు అని. ఎడిటరు ప్రతి వస్తువుకూ ఒక పేరు పెట్టి పక్కన అంకె వేస్తుంది. మొదటి రహస్యపు తలుపు పేరు చివర 1, రెండవదాని పేరు చివర 2 ఉంటాయి.

"ఏమి చెయ్యమని" అంటే తెరుచుకోమనా, మూసుకోమనా, లేక తెరిచి ఉంటే మూసుకుని, మూసి ఉంటే తెరుచుకోమనా అని.

ఈ మూడు జవాబులూ సరిగా ఉంటే చాలు, బటను ఒక మూల ఉన్నా, తలుపు ఇంకొక మూల ఉన్నా పని జరుగుతుంది.

నొక్కినా తెరుచుకోని తలుపు

ఒక అక్కా తమ్ముడూ కలిసి నేలమాళిగ కట్టారనుకుందాం. తమ్ముడు ఒక నడవ చివర రహస్యపు తలుపు పెట్టాడు. పక్క గోడకు రహస్యపు బటను పెట్టాడు. ఎడిటరులోనే ఒక మూల ఆట ఆడి చూసే వీలున్నది. వాడు అందులో నడిచి వెళ్ళి చూశాడు. గోడకు బటనే కనిపించలేదు.

"అక్కా, నా బటను మాయమైపోయింది!" అన్నాడు.

అక్క వచ్చి గళ్ళ పటం చూసింది. "మాయం కాలేదురా. నువ్వు దాన్ని గోడ ఉన్న గడిలో పెట్టావు. అది రాతిలో కూరుకుపోయింది. ఆటగాడు నిలబడే గడిలో పెట్టి గోడ వైపుకు తిప్పు," అన్నది.

తమ్ముడు అట్లాగే చేశాడు. ఈసారి బటను కనిపించింది. నొక్కాడు. లోపలికి పోయింది, వచ్చింది. తలుపు మాత్రం కదలలేదు.

"లంకె వేశావా?" అని అడిగింది అక్క.

తమ్ముడు నాలుక కరుచుకున్నాడు. లంకె వేసి మళ్ళీ నొక్కాడు. అయినా తలుపు తెరుచుకోలేదు. వాడికి కోపం వచ్చింది. "ఈ తలుపే మంచిది కాదు. అన్నీ తీసేసి మళ్ళీ మొదలుపెడతాను," అన్నాడు.

"ఉండరా! అన్నీ తీసేస్తే తప్పు ఎక్కడున్నదో ఎప్పటికీ తెలియదు," అన్నది అక్క. "అమ్మ దీపం వెలగకపోతే ఏం చేస్తుంది? ఇల్లు పడగొడుతుందా? పక్క గదిలో వెలుగుతున్న బల్బు తెచ్చి ఇక్కడ పెట్టి చూస్తుంది. అది వెలిగితే మన బల్బు పోయిందన్న మాట. అది కూడా వెలగకపోతే లోపం స్విచ్చిలోనో, తీగలోనో ఉన్నదన్న మాట."

అక్క ఆ ఉపాయమే చేసింది. బటనుకు ఎదురుగా మామూలు ఇనుప కమ్మీల తలుపు ఒకటి పెట్టి, లంకెను దానికి మార్చింది. బటను నొక్కగానే ఆ తలుపు తెరుచుకున్నది!

"బటను మంచిదే. లంకె వెయ్యటం కూడా నీకు వచ్చు. ఇక తప్పు ఆ వైపు ఉన్నది," అన్నది అక్క.

అప్పుడు చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆ అంతస్తులో రహస్యపు తలుపులు రెండున్నాయి. తమ్ముడి తలుపు పేరు చివర 2 ఉన్నది. వాడు లంకె వేసింది 1కి. వాడు నొక్కిన ప్రతిసారీ అంతస్తు అవతలి చివర ఇంకొక తలుపు నిజంగానే తెరుచుకుంటున్నది! చూసేవాళ్ళు లేరు.

లంకె సరిచేసి, ఇనుప తలుపు తీసేశారు. బటను నొక్కారు. రాతి గోడ కదిలి తెరుచుకున్నది. దాని వెనక ఇంకొక రాతి గోడ! తలుపు అవతలి గడిని తొలవటం తమ్ముడు మరిచిపోయాడు.

తప్పులు నాలుగు, పైకి కనిపించిన ఫలితం మాత్రం ఒక్కటే, దారి రాకపోవటం. అందుకే ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చగానే నొక్కి చూడాలి. రెండు మూడు ఒకేసారి మారిస్తే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

తొక్కుడు పలక చేసే తమాషాలు

నేల మీది పలక బటనుకన్నా గడుసుది. "దిగినప్పుడు తలుపు తెరువు, లేచినప్పుడు మూయి" అని రెండు లంకెలు వేశారనుకోండి. ఆటగాడు పలక మీద ఉన్నంతసేపూ తలుపు తెరిచే ఉంటుంది. దిగి తలుపు దగ్గరికి వచ్చేసరికి మూసుకుపోతుంది! ఏం చెయ్యాలి? ఒక రాయి తెచ్చి పలక మీద పెట్టాలి. రాయి బరువుకు పలక కిందనే ఉండిపోతుంది.

అయితే ఈ చిక్కుకు జవాబు ఉండాలంటే మేస్త్రీ ఒక పని చెయ్యాలి. పలకను ఎవరు నొక్కవచ్చునో ఎడిటరులో చెప్పవచ్చు: ఆటగాళ్ళా, భూతాలా, వస్తువులా అని. వస్తువులకు అనుమతి ఇవ్వకపోతే కొండంత రాయి పెట్టినా పలక కదలదు. ఆటగాడి ఆలోచన సరైనదే అయినా తలుపు తెరుచుకోదు.

భూతాలకు అనుమతి ఇస్తే ఇంకొక తమాషా జరుగుతుంది. మీరు ఎంతో కష్టపడి దాచిన పలక మీదికి ఊరికే తిరుగుతున్న భూతం ఒకటి వచ్చి ఎక్కుతుంది. ఆటగాడు వచ్చేసరికి రహస్యపు తలుపు బార్లా తెరిచి ఉంటుంది! అటువంటప్పుడు పలక మీద ఆటగాళ్ళకు మాత్రమే అనుమతి ఉంచాలి.

మూడు పిడులు, ఒక లెక్కపెట్టె

ఒక తలుపు మూడు మీటలు నొక్కితేగాని తెరుచుకోకూడదు అనుకుందాం. దీనికి కౌంటరు అనే వస్తువున్నది. దాన్ని లెక్కపెట్టె అందాం. ఇది ఆటగాడికి కనిపించదు. మొదట దానికి 3 అనే అంకె ఇస్తారు. కబురు వచ్చినప్పుడల్లా ఒకటి తగ్గిస్తుంది. 0కి రాగానే అది తలుపుకు కబురు పంపుతుంది.

మూడు చోట్ల మూడు రహస్యపు బటనులు పెట్టి, ఒక్కొక్కదాన్ని లెక్కపెట్టెకు లంకె వేశారు. బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కాని ఇందులో ఒక కంత ఉన్నది. ఎక్కడో ఆలోచించండి.

ఆటగాడు ఒకే బటనును మూడుసార్లు నొక్కితే ఏమవుతుంది? 3, 2, 1, 0. తలుపు తెరుచుకుంటుంది! మిగిలిన రెండు బటనులనూ వెతకనే అక్కర లేదు. లెక్కపెట్టెకు లెక్క వచ్చు గాని, ఎవరు నొక్కారో తెలియదు.

ఈ కంతను పూడ్చటానికి బటనులు తీసేసి పిడులు పెట్టాలి. ఒక్కొక్క పిడికీ రెండు లంకెలు వెయ్యాలి. కిందికి లాగినప్పుడు ఒకటి తగ్గించమనీ, పైకి నెట్టినప్పుడు ఒకటి పెంచమనీ. ఇప్పుడు ఒకే పిడిని పది సార్లు ఆడించినా లాభం లేదు. తగ్గింది మళ్ళీ పెరుగుతుంది. మూడు పిడులూ కిందికి ఉన్నప్పుడు మాత్రమే లెక్క 0 అవుతుంది.

లంకెలతో చెప్పలేని సంగతులు కూడా ఉంటాయి. ఉదాహరణకు, "గోడ గూటిలోని దివిటీ తీసేసి ఉంటేనే బటను పనిచెయ్యాలి" అనేది. అప్పుడు బటనును తలుపుకు కాక ఒక చిన్న రాతకు లంకె వెయ్యాలి. ఆ రాతలో, "గూటిలో దివిటీ ఉన్నదా? లేకపోతే తలుపు తెరువు" అని రాసి ఉంటుంది. ఆ రాతకు వాడే భాష పేరు లువా. 1993లో బ్రెజిల్ దేశంలో రియో డి జనీరో నగరపు కాథలిక్ విశ్వవిద్యాలయంలో అది పుట్టింది. పోర్చుగీసు భాషలో లువా అంటే చందమామ! ఈ చందమామ చాలా పట్టుదల గలది. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఒప్పుకోదు. ఇంగ్లీషు అక్షరాలలో పెద్దవి, చిన్నవి ఉన్నాయి గదా. చిన్నది ఉండవలసిన చోట పెద్దది రాసినా అది వేరే పేరు కిందనే లెక్క.

దాచటంలో న్యాయం

మీట పనిచేస్తున్నది. ఇక దాన్ని ఎంత బాగా దాచాలి? చాలామంది మేస్త్రీలు ఇక్కడే తప్పుదారి పడతారు. ఎవరికీ కనిపించకుండా దాచటమే గొప్ప అనుకుంటారు.

ఆటగాడికి ఏమవుతుందో చూడండి. అతను ఒక గదిలోకి వస్తాడు. వెనక తలుపు మూసుకుపోతుంది. బయటికి పోయే బటను లోపలి గోడకు ఎక్కడో ఉన్నది. ఆనవాలు మాత్రం ఏదీ లేదు. అతను పది నిమిషాలు, అరగంట, గంట వెతుకుతాడు. దొరకదు. పొద్దుపోయింది గనక ఆటను అక్కడే భద్రపరచి నిద్రపోతాడు. పాత ఆటలేవీ భద్రపరచి ఉండకపోతే ఇక అతను వెనక్కు పోలేడు, ముందుకూ పోలేడు. అంతకు ముందు గంటల తరబడి ఆడినదంతా వృథా. మేస్త్రీ మీద నమ్మకం పోయి, ఆ నేలమాళిగను మళ్ళీ ముట్టడు.

కనక మంచి మేస్త్రీలు రహస్యాలను రెండు రకాలుగా విడగొడతారు. దారికి అవసరమైన రహస్యం ఒకటి; అది దొరక్కపోతే ఆట ముందుకు సాగదు. దానికి ఆనవాలు తప్పకుండా ఉండాలి. గోడ మీద చెక్కిన మాట కావచ్చు, దారిలో దొరికిన కాగితం చుట్ట కావచ్చు, వరసగా ఉన్న దివిటీలలో ఒకటి లేకపోవటం కావచ్చు. దారికి అవసరం లేని రహస్యం రెండవది. ఒక కత్తి, కొంచెం తిండి, ఒక మంచి డాలు వంటివి అందులో దాస్తారు. అది దొరికితే సంతోషం, దొరక్కపోయినా ఆటకు నష్టం లేదు. దాన్ని ఎంత లోతుగానైనా దాచవచ్చు. రహస్యం దొరికిందని ఆటగాడికి చెప్పి, దాన్ని లెక్కలో వేసుకునే వస్తువు కూడా ఎడిటరులో ఉన్నది. దాని పేరు సీక్రెట్. బటనుకు తలుపుతో ఒక లంకె, సీక్రెట్‌తో ఇంకొక లంకె వేస్తే సరి.

రెండవ రకానికి పేరుపొందిన ఉదాహరణ ఒకటున్నది. అమెరికాలో అటారీ సంస్థ 1980లో "అడ్వెంచర్" అనే ఆటను అమ్మింది. దాన్ని తయారు చేసినవాడు వారెన్ రాబినెట్. ఆ రోజుల్లో ఆ సంస్థవారు ఆటల మీద తయారు చేసినవారి పేర్లు వేసేవారు కాదు. రాబినెట్ ఎవరికీ చెప్పకుండా ఆటలో ఒక రహస్యపు గది పెట్టాడు. ఒక చోట నేల రంగులోనే ఉన్న అతి చిన్న చుక్క దాగి ఉంటుంది. దాన్ని తీసుకుని ఒకానొక చోటికి వెళితే అక్కడి గోడలో నుంచి అవతలికి పోవచ్చు. అవతలి గదిలో రాబినెట్ పేరు మెరుస్తూ కనిపిస్తుంది! ఆట అమ్మకానికి వచ్చేసరికి ఆయన ఆ సంస్థను విడిచి వెళ్ళాడు. ఆ గదిని కనిపెట్టిన ఒక కుర్రవాడు సంస్థకు ఉత్తరం రాసేదాకా అక్కడివారికి ఆ సంగతి తెలియదు.

ఆ చుక్క దొరక్కపోయినా ఆట ఆడినవాళ్ళకు ఏ లోటూ లేదు. ఆట గెలవటానికి దానితో పని లేదు. అందుకే అంత గట్టిగా దాచినా ఎవరూ కోపగించుకోలేదు సరిగదా, దొరికినవాళ్ళు పొంగిపోయారు.

మీ రహస్యం ఎట్లా ఉన్నదో తెలుసుకోవాలంటే ఆ నేలమాళిగను ఇంతకు ముందు చూడనివాళ్ళ చేత ఆడించండి. మీరు పక్కన కూర్చోండి గాని నోరు మెదపకండి. "అక్కడ కాదు, ఎడమ పక్క చూడు!" అనాలని ప్రాణం కొట్టుకుంటుంది. అన్నారో, పరీక్ష పాడైపోతుంది. మీ ఆట వేరే ఊరికి పోయినప్పుడు మీరు వెంట వెళ్ళి చెప్పలేరు గదా! ఆడేవాళ్ళు ఎక్కడ ఆగారో, ఏ గోడ వైపు చూశారో కాగితం మీద రాసుకోండి. ఆనవాలు చాలదని తేలితే ఇంకొకటి చేర్చండి.

కాగితం, పెన్సిలు చాలు

కంప్యూటరు లేనివాళ్ళు కూడా ఈ ఆట ఆడవచ్చు. గళ్ళ కాగితం మీద 8 గళ్ళ పొడవు, 8 గళ్ళ వెడల్పు గల నేలమాళిగ గీయండి. తలుపులకూ మీటలకూ అంకెలు వెయ్యండి. ఇంకొక కాగితం మీద లంకెల పట్టిక రాయండి: ఏ మీట, ఎప్పుడు, ఎవరికి, ఏమి చెయ్యమని. ఈ రెండు కాగితాలూ మీ దగ్గరే ఉంచుకుని మీ చెల్లెలినో, స్నేహితుణ్ణో ఆడమనండి. ఆడేవాళ్ళు "ఉత్తరానికి ఒక గడి నడిచాను, గోడ తడిమాను," అని చెపుతారు. మీరు పట్టిక చూసి ఏమి జరిగిందో చెప్పాలి. పట్టికలో లేనిదేదీ జరగకూడదు. మీరు మనసులో అనుకున్నా సరే, రాయకపోతే తలుపు తెరుచుకోదు!

ఇక చివరగా ఒక చిక్కు ప్రశ్న.

ఒక గదిలో మూడు పిడులున్నాయి. లెక్కపెట్టెలో మొదటి అంకె 3. పిడి కిందికి లాగితే ఒకటి తగ్గుతుంది, పైకి నెడితే ఒకటి పెరుగుతుంది. 0 అయితే తలుపు తెరుచుకుంటుంది. అయితే మేస్త్రీ అందం కోసం ఒక పిడిని మొదటి నుంచీ కిందికే ఉంచాడు. ఆట మొదలైనప్పుడు ఆ పిడి లెక్కపెట్టెకు ఏ కబురూ పంపలేదు. ఆటగాడు తలుపు తెరవగలడా? తెరవలేకపోతే మేస్త్రీ ఏమి మార్చాలి?

జవాబు: తెరవలేడు. మిగిలిన రెండు పిడులనూ లాగితే లెక్క 1 దగ్గర ఆగిపోతుంది. కిందికి ఉన్న పిడిని పైకి నెడితే లెక్క ఒకటి పెరుగుతుంది, మళ్ళీ లాగితే పెరిగినది తగ్గుతుంది. అంతకు మించి తగ్గదు. మేస్త్రీ మొదటి అంకెను 3కు బదులు 2 చెయ్యాలి. లేదా, ఆ పిడిని మొదట పైకి ఉంచాలి.